మార్చినవి నాలుగు

సూర్ రేవులో పడవలు చెక్కే పొట్టు వాసన
గాలి ఇటు తిరిగితే మా షాపు దాకా వస్తుంది.
షట్టరు సగం దించి, ఏసీ నీళ్ళకి బకెట్టు పెట్టి
నేను పాత రీళ్ళు విప్పుతుంటాను.
ఈ పనేమిటో మా పేటలో ఎవరికి చెప్పినా అర్థం కాదు.
మాకు గేలమంటే తాడూ, కొక్కెమూ, అరచెయ్యీ.
పెద్ద చేప లాగితే తెగేది అరచెయ్యే.

ఇక్కడ ఆ అరచేతి పని అయిదు వాషర్లు చేస్తాయి.
మెత్తటిదొకటి, ఇనపదొకటి, మళ్ళీ మెత్తటిది,
అట్ల దొంతరలా.
పైన నక్షత్రప్పిడి బిగిస్తే పట్టు, వదిలితే జారు.
చేప పరిగెడితే ఇవ్వాలి. అలిసిందా, ఆపాలి.
ఇచ్చేటప్పుడు మొదట్లో కుదుపు ఉండకూడదు,
దారం తెగేది ఎప్పుడూ ఆ మొదటి కుదుపుకే.

మొన్న ముబారక్ ఒకటి తెచ్చాడు,
ప్లాస్టిక్ సంచిలో, ఖర్జూరాల డబ్బా పక్కన.
వాళ్ళ నాన్న ఖమీస్‌ది. ముప్ఫై ఏళ్ళు గోడౌన్లో పడుందట.
"లోపలివన్నీ మార్చెయ్ పోలన్నా,
కనద్ సీజనొస్తోంది."
కనద్ అంటే మన కోనెం.
పేరు మారినా పళ్ళు అవే.

కిరసనాయిలూ, అరిగిన పళ్ళ బ్రష్షూ.
ఇత్తడికి చిలుము. గ్రీజు ముదురు పాకమైపోయింది.
మొదటి వాషర్ అప్పడంలా విరిగింది.
రెండోది అద్దంలా నున్నబడింది;
నున్నబడితే పట్టు పోయినట్టే,
గరుకు కాగితం మీద రుద్ది తిరగేసి వేస్తే
ఇంకో ఏడాది నడుస్తుంది,
డబ్బుల్లేనివాళ్ళకి అలాగే వేసిస్తాను, అర రియాలు.
మూడూ నాలుగూ ఒకదానికొకటి అతుక్కుని ఊడి రాలేదు.

అన్నిటికీ అడుగున
తోలుది.
కంపెనీది కాదు. కత్తితో కోసింది,
సరిగ్గా గుండ్రం కూడా కాదు.
అంచున వరసగా నాలుగు కుట్టు చిల్లులు,
ఒకదాంట్లో ఇంకా దారప్పోగు.
చెప్పు.
గోటితో నొక్కాను. పైకి లేచింది.

సాయంత్రం ముబారక్‌ని పిలిచి చూపించాను. నవ్వాడు.
"మా నాన్న పడవలో చెప్పులేసుకునేవాడు కాదు."
కాసేపాగి, "పనికి ఒకడుండేవాడు. మీ వైపువాడే అనుకుంటా.
నడిసముద్రంలో రీలు పట్టు తప్పితే
ఏదో కోసి లోపల పెట్టాడని నాన్న చెప్పేవాడు."
పేరేంటి?
"నేనప్పుడు చిన్నవాణ్ణి."
చేప దొరికిందా?
"దొరక్కేం, ఇంత హమూరు" అని చేతులు చాచాడు,
చాచినవాడు ఆగలేదు, ఇంకా చాచాడు.
వెళ్తూ వెళ్తూ, "అదీ తీసెయ్, కొత్తది వెయ్."

రాత్రి నాలుగు నల్లటి కార్బన్‌వి వేశాను.
అయిదోది చేతిలో పట్టుకుని కూర్చున్నాను.
వాడి మొహం కాదు నాకు గుర్తొస్తున్నది, రెండో చెప్పు.
రేవు నుంచి గదికి ఎలా నడిచాడు,
ఒంటి చెప్పుతో, జూన్ నెల ఇసకలో?
లేక అదీ నీళ్ళలోకి విసిరేసి
రెండు కాళ్ళూ సమానంగా కాల్చుకున్నాడా?

టీ గ్లాసులో నూనె పోసి తోలు నానేశాను.
పొద్దున్నే బిగించి, తలుపు గొళ్ళేనికి స్ప్రింగు కాటా కట్టి లాగాను.
రెండు కిలోలకి జారింది. నాలుక్కీ జారింది.
ఆరు దగ్గర చిన్న గొణుగుడు, అంతే.
విప్పి, కొత్తది వేసి మళ్ళీ లాగాను.
ఇంకా నున్నగా జారింది. అబద్ధం ఆడను.
మళ్ళీ విప్పి
తోలుదే పెట్టి బిగించాను.
ఒక్క రీలుకి ఇంతసేపా అని ఓనరు సలీం కేకేశాడు.

బిల్లు మీద వాషర్ల పక్కన
అరబీ నాలుగు వేశాను, తిరగేసిన మూడులా ఉంటుందది.
ముబారక్ చూశాడు. "అయిదు కదా?"
మార్చినవి నాలుగు, అన్నాను.
నన్నొకసారి చూసి, మూరెడు దారం లాగాడు.
కర్రుమని ఇచ్చింది.
ఇంకో మూర లాగి, సంచిలో పెట్టుకుని
బేరమాడకుండా వెళ్ళిపోయాడు.

అయిదో కొత్త వాషరు నా సొరుగులో ఉంది.
కవరు చింపాను కనుక వెనక్కి తీసుకోరు.
ఈ నెల జీతంలో మూడు వందల బైసాలు కోత.